పాటకు సోలెడు బియ్యం

నాది పోచారం. ఈ పేరుతో తెలంగాణలో ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఆనవాలు చెప్పాలి. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో, ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే దారిలో ప్రాజెక్టు ఉంటుందే, ఆ పోచారం. నిజాం కాలంలో 1917లో మొదలుపెట్టి 1922లో పూర్తి చేసిన కట్ట మాది. వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకిందంటే చాలు, పట్నం కార్లు బారులు తీరుతాయి. మక్కకంకులు కాల్చే బండ్లు, చేపలు వేయించే పొయ్యిలు, ఒక్కో బండి మీద ఒక్కో స్పీకరు. కంకి కావాలని కొంగు పట్టి లాగేది పిల్లలే కనుక స్పీకర్లో మోగేదీ పిల్లలు చిందులేసే పాటే. తిండి అమ్మేవాడికి పాటతో ఏం పని అని నేను చాలాకాలం పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది మా మనవరాలు.

కిందటి దసరా సెలవులకు వచ్చినప్పుడు దానికి ఆరేళ్ళు నిండాయి. పుట్టినరోజు కామారెడ్డిలో హైవే పక్కన కొత్తగా లేచిన పెద్ద హోటల్లోనే కావాలని పట్టు పట్టింది. లింగంపేట మీదుగా బయల్దేరాం. ఆ హోటల్లో పిల్లలకు మెనూ వేరు, వడ్డన వేరు. రంగురంగుల అట్టపెట్టెలో చిన్న చిన్న పూరీలు, వేయించిన ఆలుగడ్డ ముక్కలు, ఒక ప్లాస్టిక్ బొమ్మ. మూత మీద నల్ల చుక్కల చదరం ఒకటి అచ్చువేసి ఉంది. దానికి ఫోన్ చూపిస్తే పిల్లల పాటలు మోగుతాయని చెప్పారు. మోగాయి. పిల్ల ఫోన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, పెట్టెలో ఏముందో చూడకుండా, చేతికి దొరికింది నోట్లో వేసుకుంటూ పోయింది.

మా ఆవిడ ఊరుకోలేకపోయింది. "ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగింది. పిల్లకు తెలియదు. "పోనీ, ఏం పాట విన్నవ్?" అదీ గుర్తు లేదు. "తిన్నది యాది లేకపాయె, విన్నది యాది లేకపాయె" అంటూ నా వైపు చూసింది, ఆ పెట్టె నేనే తయారుచేసినట్టు.

నేను బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. పని లేని పంతులు చేతికి ప్రశ్న దొరికితే తొందరగా వదలడు. తిండిపెట్టెకు పాట తగిలించాలనే ఆలోచన మొదట ఎవరికి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే అమెరికాలో తేలాను.

మెక్‌డొనాల్డ్స్ పేరు మీరు వినే ఉంటారు. ఏ ఊరికి పోయినా ఒకే బోర్డు, ఒకే రుచి ఉండే హోటళ్ళు. మన దేశంలో మొదటిది 1996లో ఢిల్లీలో తెరిచారు. వాళ్ళ దేశంలో 1979లోనే పిల్లల తిండిని, ఒక బొమ్మను ఒకే పెట్టెలో సర్ది దానికి హ్యాపీ మీల్ అని పేరు పెట్టారు. అంతకు చాలా ముందు, 1963 నుంచి, రోనాల్డ్ అనే ఎర్రజుట్టు జోకరు వాళ్ళ టీవీ ప్రకటనల్లో తిరుగుతున్నాడు. తిండి ఉంది, బొమ్మ ఉంది, పిల్లలను నవ్వించే వేషగాడు ఉన్నాడు. ఇక కావలసింది పాట.

ఆ పాట రైనో అనే రికార్డుల కంపెనీ ఇచ్చింది. రైనో అంటే ఖడ్గమృగం. 1973లో లాస్ ఏంజిలిస్‌లో ఒక రికార్డుల కొట్టుగా పుట్టి, 1978 నుంచి సొంతంగా రికార్డులు వేసిన సంస్థ. ఎవరూ పట్టించుకోని పాత పాటలను, వెక్కిరింత పాటలను వెతికి తెచ్చి మళ్ళీ అచ్చువేయడం వాళ్ళ ప్రత్యేకత. మన భాషలో చెప్పాలంటే పాత ఇనుప సామాను కొని మెరుగుపెట్టి అమ్మే నేర్పు. వీళ్ళకు కిడ్ రైనో అని పిల్లల విభాగం ఒకటి ఉండేది. 1990ల నడుమ ఈ కిడ్ రైనో, మెక్‌డొనాల్డ్స్ కలిసి రోనాల్డ్ పేరు మీద పిల్లల క్యాసెట్లు తెచ్చారు. కార్లో పోతూ పాడుకునే పాటలు, పడీపడీ నవ్వే పాటలు.

కార్లో పాడుకునే పాటలే ఎందుకు? ఈ ఒక్క ముక్కలో వ్యాపారం అంతా ఉంది. అక్కడ సంసారం కారు దిగకుండానే హోటలు కిటికీ దగ్గర ఆగి పొట్లం అందుకుని వెళ్ళిపోతుంది. వెనక సీట్లో పిల్లలు, ముందర క్యాసెట్టు పెట్టుకునే డబ్బా. దూరం పోవాలి, పిల్లలు గోల చేయకూడదు. అలాంటి తల్లిదండ్రుల చేతికి పొట్లంతో పాటు క్యాసెట్టూ అందితే వద్దంటారా? పిల్లల కోసం పాటల కొట్టుకు పనిగట్టుకుని పోయే తండ్రి ఊరికి పదిమంది ఉంటారేమో. ఆకలేసి హోటలు ముందు ఆగే తండ్రులకు కొదవ లేదు. రికార్డుల కంపెనీకి వెతుక్కోకుండానే వేల గల్లాపెట్టెలు దొరికాయి. హోటలుకేమో పిల్ల నోటి నుంచి మళ్ళీ మళ్ళీ వినబడే పేరు దొరికింది. ఇల్లు చేరాక ప్లాస్టిక్ బొమ్మ మంచం కింద పడిపోతుంది. పాట అలా పడిపోదు, పడుకోబోయే ముందు కూడా పిల్ల నోట్లో తిరుగుతూనే ఉంటుంది.

క్యాసెట్టు అనగానే నాకు నా జీతం గుర్తొస్తుంది. కొలువులో చేరిన కొత్తలో బస్టాండు దగ్గరి రికార్డింగ్ సెంటరుకు ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇచ్చి వచ్చేవాణ్ణి. వారం తర్వాత పోతే చీటీలో పద్నాలుగు పాటలుంటే పదకొండే పట్టేవి, పన్నెండోది పల్లవి దగ్గర తెగిపోయేది. రీలు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పుకోవడం. ఆ సెంటరు పక్కనే మిర్చిబజ్జీల బండి ఉండేది. ఆ రెంటినీ కలిపి ఒకే ధరకు అమ్మవచ్చని మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. నూనె చేతులతో క్యాసెట్టు పట్టుకోవద్దని మాత్రం సెంటరాయన తిట్టేవాడు.

మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళలోనే 1994లో పెద్దవాళ్ళ పాటలు కూడా అమ్మారు. ఇఎంఐ అనే రికార్డుల కంపెనీతో కలిసి గార్త్ బ్రూక్స్, టీనా టర్నర్, ఎల్టన్ జాన్, రాక్సెట్ పాటల సీడీలను బజారు ధర కంటే బాగా తక్కువకు, తిండితో పాటు ఇచ్చారు. అమ్మకంలో కొంత పిల్లల సేవాసంస్థకు పోతుందన్నారు. పాటలమ్ముకుని బతికే కొట్లవాళ్ళు భగ్గుమన్నారు. మా కడుపు మీద కొట్టి బర్గరు కొట్లో పాటలా అని నిలదీశారు. పెద్ద మాల్ లేచినప్పుడు మన కిరాణా కొట్లవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకు ఆ బాధ అర్థమవుతుంది.

అంతకంటే విచిత్రం 1989లో జరిగింది. కాగితంలా వంగే పల్చటి ప్లాస్టిక్ రికార్డులను పత్రికల్లో పెట్టి ఇంటింటికీ పంచారు. దాదాపు ఎనిమిది కోట్ల రికార్డులు. అందులో పాట ఏమిటంటే, ఆ హోటల్లో దొరికే తిండి పదార్థాల పట్టిక! గాయకులు గుక్క తిప్పుకోకుండా పాడబోయి చివర్లో తడబడతారు. ఒకే ఒక్క రికార్డులో మాత్రం తప్పు లేకుండా ముగిస్తారు. అది దొరికినవాళ్ళకు పది లక్షల డాలర్లు. వినిపించింది మెనూ కార్డు. దానికోసం దేశం దేశమే సూది కింద రికార్డు పెట్టి చెవులు రిక్కించింది. మన పెళ్ళిభోజనాల్లో ఆవకాయ, అప్పడం, అరిసె అని లెక్కపెట్టే హాస్యపు పాటలు ఉంటాయి కానీ, వాటికి ఎవరూ ఇంత పందెం కట్టలేదు.

ఇక పాటను మెనూలోకి కాదు, హోటలు గోడల్లోకే ఎక్కించినవాడు ఒకాయన ఉన్నాడు. అటారీ అనే వీడియో ఆటల కంపెనీ పెట్టిన నోలన్ బుష్నెల్. 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పిజ్జా హోటలు తెరిచాడు. అదే తర్వాత చక్ ఇ చీజ్‌గా పేరుపడింది. పిజ్జా కాలడానికి సమయం పడుతుంది కదా, ఆ సమయంలో పిల్లలు ఊరుకోరు కదా. ఊరుకోని పిల్లల చేతిలో ఆటబిళ్ళలు పెట్టి, ఎదురుగా మరబొమ్మల పాటకచేరీ పెట్టాడు. ఎలుక ముఖం పెట్టుకున్న బొమ్మ దానికి నాయకుడు. ఎలుకను హోటలుకు పెద్దగా పెట్టుకోవడం ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన హోటలు వంటింట్లో ఒక్కటి కనబడితేనే మునిసిపాలిటీవాళ్ళు వస్తారు. ఆ కంపెనీ 2020లో దివాలా పిటిషను వేసి మళ్ళీ నిలదొక్కుకుంది. మరబొమ్మల కచేరీని మాత్రం 2024లో దాదాపు అన్ని చోట్లా తీసేయడానికి నిర్ణయించింది. ఈ కాలం పిల్లలకు కదిలే బొమ్మ కంటే వెలిగే తెర కావాలి.

మా మనవరాలి పుట్టినరోజుకు తిరిగి వస్తాను. పెట్టె ఖాళీ అయ్యే వేళకు హోటలు కుర్రాళ్ళు నలుగురు చప్పట్లు కొడుతూ వచ్చి హ్యాపీ బర్త్‌డే పాడారు. గొంతులో ఉత్సాహం ఉంది, కళ్ళు మాత్రం పక్క టేబుల్ బిల్లు మీద ఉన్నాయి. పాపం, అది వాళ్ళ తప్పు కాదు, ఆదివారం సాయంత్రం. ఈ పాట వెనక ఒక కథ ఉంది, వింటే మీరు నవ్వుకుంటారు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో హిల్ అక్కాచెల్లెళ్ళు ఇద్దరుండేవారు. పసిపిల్లల బడి నడిపిన పంతులమ్మ ఒకరు, సంగీతం కట్టిన మనిషి ఒకరు. బడికి వచ్చిన పిల్లలకు పొద్దున్నే స్వాగతం చెప్పడానికి కట్టిన చిన్న పాట 1893లో పుస్తకంలో అచ్చయింది. ఆ బాణీ మీదకే పుట్టినరోజు మాటలు ఎక్కాయి. చేతులు మారి మారి దాని హక్కు 1988లో వార్నర్ చాపెల్ అనే సంగీత ప్రచురణ సంస్థకు చేరింది. సినిమాలో పాడినా, బహిరంగంగా డబ్బు వచ్చే చోట పాడినా రుసుము కట్టాల్సి వచ్చేది. ఏడాదికి సుమారు ఇరవై లక్షల డాలర్లు ఈ ఒక్క పాట మీదే వచ్చేవట. అందుకని అక్కడి హోటళ్ళు చాలావరకు ఆ పాట మానేసి, తమకు తోచిన చప్పట్ల పాటలు కట్టుకున్నాయి. పుట్టినరోజు పిల్ల ముందు కేకు పెట్టి, అందరికీ వచ్చిన పాట వదిలేసి, ఎవరికీ రాని పాట పాడడం! 2015 సెప్టెంబరులో కోర్టు ఆ హక్కు చెల్లదని తేల్చింది. మరుసటి ఏడాది కోటీ నలభై లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. పసిపిల్లల బడిలో పుట్టిన పాట మళ్ళీ పిల్లల సొత్తు కావడానికి నూట ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

మన దగ్గరా ఈ లెక్కలు లేవనుకోకండి. రికార్డు చేసిన పాటను హోటల్లో మోగించాలంటే పీపీఎల్, ఐపీఆర్ఎస్ లాంటి సంస్థల లైసెన్సు ఉండాలి. కొత్త సంవత్సరం వేడుకల ముందు హోటళ్ళకు నోటీసులు వెళ్ళడం పేపర్లో చూస్తుంటాం. పెళ్ళి ఊరేగింపుకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. బారాతులో బ్యాండు మేళం ఎంత అపస్వరం వాయించినా అడిగేవాడు లేడు.

ఇదంతా చదివాక నాకు ఒక సంగతి తట్టింది. బేరం ఎటునుంచి ఎటు నడుస్తోంది? వాళ్ళ పద్ధతిలో తిండి కొన్నవాడికి పాట కొసరు. మన పద్ధతిలో పాట పాడినవాడికి తిండి దక్కుతుంది. త్రాసు అదే, తూకపు రాళ్ళు పెట్టే పళ్ళెం మారింది.

జాజిరి యాది చేసుకోండి. కాముని పున్నమికి తొమ్మిది పది రోజుల ముందు నుంచే మా చిన్నతనంలో పొద్దుగూకితే చాలు, కోలలు చేతబట్టుకుని గుంపుగా బయల్దేరేవాళ్ళం. వాకిలి వాకిలికీ పోయి, గుండ్రంగా తిరుగుతూ, కోల మీద కోల కొట్టి జాజిరి పాడడం. పాట అయ్యేదాకా ఇంటావిడ కడపలోనే నిలబడి వినేది. నచ్చితే సోలెడు బియ్యమో, దోసెడు మక్కలో, వడ్లో పోసేది. నచ్చకపోతే "గొంతులు పోయినయా, ఇంకోటి పాడుర్రి" అనేది. ఊరికే ఎవరూ పెట్టలేదు. తప్పు పాడితే బియ్యం తగ్గేది. కూడిన గింజలు కోమటి కొట్లో పోసి బెల్లం, పేలాలు, పుట్నాలు కొనుక్కునేవాళ్ళం. కాముని దహనానికి కట్టెలు, పిడకలు మాత్రం ఎవరింటి దొడ్లోనుంచి వచ్చేవో అడగకండి. పంతులుగా ముప్పై ఏళ్ళు నీతులు చెప్పినవాణ్ణి, రేడియోలో ఒప్పుకోలేను.

సంక్రాంతికి హరిదాసు తల మీద పాత్ర పెట్టుకుని వస్తే, పాట విని పిల్లల చేతే బియ్యం పోయించేవాళ్ళు. బతుకమ్మ సంగతి చూడండి. చీకటి పడేదాకా ఆడవాళ్ళు, ఆడపిల్లలు చప్పట్లు కొట్టి పాడి, బతుకమ్మను చెరువులో సాగనంపాక అప్పుడు విప్పుతారు సత్తుపిండి డబ్బాలు. ముందు పాట, తర్వాత నోరు తీపి. మలీదముద్ద ముందే తినేసి వచ్చిన పిల్లకు పాటలో జత ఉండదు.

వీటన్నిటికంటే పాతది అన్నం బుక్క. కోస్తావాళ్ళు గోరుముద్ద అంటారు, మేం బుక్క అంటాం. చంటిపిల్లను చంకనెత్తుకుని, వాకిట్లో నిలబడి, చందమామను చూపిస్తూ, కాకిని పిలుస్తూ, పిట్టను పిలుస్తూ, కూనిరాగం తీస్తూ ఒక్కో బుక్క పెట్టడం. ఇది కూడా ఎరే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఎరే. పిల్ల మనసు మళ్ళించి నాలుగు బుక్కలు ఎక్కువ పెట్టాలనే తల్లి పాడుతుంది. ఇందులో మెక్‌డొనాల్డ్స్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, తల్లి ఎత్తునే పట్టుకుంది. అయితే ఆ తల్లి పిల్ల ముఖం చూస్తూ పాడుతుంది. పిల్ల నములుతుంటే పాట ఆగుతుంది. మింగితే సాగుతుంది. పొట్ట నిండిందని పిల్ల తల తిప్పితే పాటా ముగుస్తుంది, గిన్నే పక్కకు పోతుంది. నల్ల చుక్కల చదరం లోంచి వచ్చే పాటకు పిల్ల పొట్ట ఎంత నిండిందో తెలియదు. ఒకటి ముగిస్తే ఇంకోటి అదే మొదలవుతుంది.

ఇప్పుడు పిల్లల పాటల వ్యాపారం హోటలు దాటి ఎటో పోయింది. బెంగళూరులో ఇన్ఫోబెల్స్ అనే సంస్థ తెలుగు పిల్లల పాటలను బొమ్మలతో యూట్యూబులో పెడుతుంది. చెన్నైలో చూచూ టీవీ ఉంది. పోచారంలో పుట్టిన పసివాడికీ, కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగు పసివాడికీ ఇవాళ చిలకమ్మ పాట ఒకే గొంతులో వినబడుతోంది. పరదేశంలో ఉన్న తెలుగు తల్లికి అది పెద్ద ఆసరా, కాదనను. మా చెల్లెలి మనవడు అక్కడే పుట్టాడు, వాడు తెలుగులో మొదట అన్న నాలుగు మాటలు ఆ బొమ్మల పాటల్లోవే. కాకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట కూడా ఒకటుంది. రెండేళ్ళు నిండకముందు తెర ముందు కూర్చోబెట్టవద్దంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించవద్దంది. మా ఇళ్ళల్లో ఆ గంట పొద్దుటి ఇడ్లీతోనే అయిపోతుంది.

ఇంతసేపూ పరాయివాళ్ళను అంటున్నాను కానీ, నేను మాట్లాడుతున్న ఈ మైకు కులం మాత్రం తక్కువ తిన్నదా? 1952లో రేడియో సిలోన్లో బినాకా గీత్‌మాలా మొదలైంది టూత్‌పేస్టువాళ్ళ డబ్బుతోనే. ఆ టూత్‌పేస్టు డబ్బాలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువులు వచ్చేవి. వాటికోసం రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకున్న పిల్లలు నా తోటివాళ్ళలోనే ఉన్నారు. మా పక్కింటి పిల్లవాడి దగ్గర పన్నెండు జంతువులుండేవి, పళ్ళు మాత్రం పుచ్చినవే. బోర్న్‌విటా క్విజ్ వినడానికి ఆదివారం రేడియో ముందు కూర్చున్నవాళ్ళం పాలలో ఏం కలుపుకోవాలో కూడా అక్కడే నేర్చుకున్నాం. కాబట్టి పిల్ల చెవి ద్వారా పిల్ల నోటికి దారి వేయడం రేడియోకి తెలియని విద్య కాదు.

అయితే రేడియోలో ఇంకో దారి కూడా ఉండేది. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటేనే తెలుస్తారు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపారు. 1945లో పిల్లల కోసం బాల అనే పత్రిక పెట్టారు. బాపు బొమ్మలు తొలిరోజుల్లో అందులో వచ్చాయి. తర్వాత హైదరాబాదు వచ్చి బాలానందం నడిపారు. వాళ్ళ పిల్లల పాటలు గ్రామఫోన్ రికార్డులుగా కూడా వచ్చాయి. ఆ మైకు ముందు పిల్లలే పాడారు, పిల్లలే తడబడ్డారు, పిల్లలే నవ్వారు. గొంతు బాగులేని పిల్లవాడికీ కోరస్‌లో చోటుండేది. అటువైపు వింటున్న పిల్లకు 'నాలాంటివాడే పాడుతున్నాడు, నేనూ పాడగలను' అనిపించేది. మా బడిలో పిల్లలు అది విని సొంతంగా కూరగాయల మీద పాట కట్టారు. అందులో వంకాయకు వరస కుదరక నా దగ్గరికి వచ్చారు, నాకూ కుదరలేదు.

పిల్లలే పాడితే సరిపోతుందా అంటే అదీ చెప్పలేం. అమెరికాలో రేజర్ అండ్ టై అనే రికార్డుల కంపెనీ 2001లో కిడ్జ్ బాప్ అని మొదలుపెట్టింది. పెద్దవాళ్ళ హిట్ పాటలను పిల్లల చేత పాడించడం, మరీ ఘాటైన మాటలుంటే మార్చడం. లక్షల్లో అమ్ముడయ్యాయి. మనవాళ్ళు మాటలు మార్చే కష్టం కూడా పడలేదు. బడి వార్షికోత్సవాల్లో ఏడేళ్ళ పిల్ల ఐటం పాటకు నడుం తిప్పుతుంటే ముందు వరసలో కూర్చున్న పెద్దలు చప్పట్లు కొడతారు. ముందు వరసలో నేనూ కూర్చున్నాను, నేనూ కొట్టాను.

నన్నడిగితే తిండినీ పాటనూ సరిగ్గా కలిపిన చోటు మా ఊరి అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన పథకం ఇది. ఇవాళ మా పోచారం లాంటి ఊళ్ళల్లో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలు పొద్దున్నే అక్కడికి చేరతారు. టీచరు చేతులూపుతూ పాడుతుంది, పిల్లలు కోతిలా గెంతుతారు, చేపలా ఈదుతారు, రైలు పెట్టెల్లా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గది చుట్టూ తిరుగుతారు. చెమట పట్టేదాకా పాడి, చేతులు కడుక్కుని, వరసగా కూర్చుంటే అన్నం, పప్పు, గుడ్డు. అంగన్‌వాడీ గోడకు రంగులు పోయాయి, పాటల పుస్తకం అట్ట చినిగింది, గుడ్లు ఒక్కో నెల ఆలస్యంగా వస్తాయి. కానీ అక్కడ పిల్లకు ఏం పాడావని అడిగితే లేచి నిలబడి చేసి చూపిస్తుంది. ఏం తిన్నావంటే గుడ్డు అంటుంది, పక్కవాడి గుడ్డు పెద్దదని కూడా అంటుంది.

బడి దగ్గర ఏం అమ్మకూడదో ఆహార భద్రతా సంస్థ 2020లో నియమాలు పెట్టింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మవద్దు, ప్రకటించవద్దు అంది. మంచి మాట. ఆ 50 మీటర్లను పాట ఎంతసేపట్లో దాటుతుందో మీ ఊరి బడి గేటు దగ్గర నిలబడి చూడండి.

ఈసారి కాముని పున్నమికి రెండు రోజుల ముందు మా వాకిట్లోకి గుంపు వచ్చింది. ఎనిమిదిమంది పిల్లలు. మా మనవరాలు కూడా సెలవు పెట్టించుకుని వచ్చి ఉంది. గుంపులో పెద్దవాడి మెడలో బ్లూటూత్ స్పీకరు వేలాడుతోంది, దాంట్లో యూట్యూబు జాజిరి మోగుతోంది. పిల్లలు కోలలు ఊపుతున్నారు, నోళ్ళు మూసుకుని ఉన్నాయి. మా ఆవిడ చేట తీసుకుని వచ్చి కడపలో నిలబడింది.

"ఆ డబ్బా బంద్ చెయ్యుర్రి. అది పాడితె దానికే బియ్యం పోస్తా. మీకు కావాల్నంటే మీరు పాడుర్రి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు స్పీకరు ఆపి, "బియ్యం ఒద్దవ్వా, ఫోన్‌పే ఉంటె చేయిర్రి" అన్నాడు. మా ఆవిడ చేట ఎత్తింది, దేనికోసమో నాకు తెలుసు. వాడికీ తెలిసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటి చరణం బాగానే వచ్చింది. రెండోదాంట్లో సగం నుంచి ఎవరికీ మాటలు రావు. అందరూ తాళం మాత్రం వదలకుండా కోలలు కొడుతున్నారు. గుంపులో అందరికంటే చిన్నవాడు, ముక్కు కారుతున్నవాడు, మాటలు లేనిచోట తోచిన ఊళ్ళ పేర్లు ఎత్తుకున్నాడు. ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట, మెదక్. తాళానికి సరిగ్గా సరిపోయాయి. మా మనవరాలు అరుగు దిగి, దొరికిన చీపురుపుల్లలు రెండు పట్టుకుని వాడి పక్కన నిలబడి 'కామారెడ్డి' అందుకుంది.

మా ఆవిడ సోల నిండా పోసింది. చాలదని చిన్నవాడు జోలె ఇంకా తెరిచి పట్టుకున్నాడు. మా మనవరాలు తన వాటా ఏదని అడిగింది.